జాబితాకెక్కిన సాయిబులు

తెలుగులో సంచార జాతుల మీద రాసేవాళ్లకు ఒక వరస కంఠతా వచ్చు. బుడబుక్కల, గంగిరెద్దుల, దొమ్మర, పిచ్చికుంట్ల, పంబల, కాటిపాపల. వ్యాసమైనా సిద్ధాంత గ్రంథమైనా దాదాపు ఈ వరస దాటదు. ఇందులో సాయిబు ఉండడు. సాయిబు గురించి రాసేటప్పుడు ఇంకో వరస తీస్తారు: నవాబు, షేర్వాణీ, ఖవ్వాలీ, అత్తరు. అత్తరు పూసుకునే సాయిబు మీకు తెలుసు. ఆ అత్తరును సంచిలో వేసుకొని ఊరూరా తిరిగి అమ్మే సాయిబు తెలియడు. జానపదంలోకి రానివ్వడానికి అతను మరీ తురక. తురకల లెక్కలోకి రావడానికి మరీ దేశదిమ్మరి.

మేము ఈ సాయిబుల పేర్లన్నీ ఒకచోట అచ్చులో చూసింది ఏ సాహిత్య గ్రంథంలోనూ కాదు, 2007 నాటి ముస్లిం రిజర్వేషన్ చట్టంలో. పి.ఎస్. కృష్ణన్ నివేదిక వెనకాల ఉన్న ఆ జాబితాలో 14 సమూహాలున్నాయి. జాబితాను కూడా సాహిత్యంలాగే చదవాలి. గారడీ సాయిబులు, పాములవాళ్లు, కాణికట్టువాళ్లు. గుడ్డి ఎలుగువాళ్లు, ముసల్మాన్ కీలుగుర్రాలవాళ్లు. ఘంటా ఫకీర్లు, తురక బుడబుక్కలు. బోరేవాలే, డేరా ఫకీర్లు, బొంతలవాళ్లు. ఒక్క పేరైనా వాళ్లంతట వాళ్లు పెట్టుకున్నట్టు లేదు. గడప లోపల నిలబడినవాడు బయటివాణ్ణి చూసి పిలిచిన పేర్లివి. బొంత కప్పుకుంటే బొంతలవాడు. ఇంతకీ గుడ్డిది ఎలుగుబంటా, ఆడించేవాడా, చూసినవాడా?

అదే జాబితాలో రోళ్లకు కక్కు కొట్టేవాళ్లున్నారు. వాళ్ల సంగతి మా సింహాద్రిపురం వైపు పెద్దవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. అరిగి నున్నబడిన తిరగలిలో పిండి మెదగదు. ఉలితో మళ్లీ సన్నని గంట్లు పెట్టాలి. దెబ్బ లోతుగా దిగితే రాయి పెచ్చులూడుతుంది, పైపైన పడితే నాలుగు రోజుల్లో అరిగిపోతుంది. రాయిని చేత్తో తడిమి దాని తీరు తెలుసుకునే విద్య అది. చట్టం వాళ్లను తెలుగులోనూ పిలిచింది, దక్కనీలో చక్కీ టాకనేవాలే అనీ పిలిచింది. రెండు భాషల్లోనూ పేరున్న పని. పిండిమర వచ్చింది, మిక్సీ, గ్రైండరు వచ్చాయి, ఆ పని పోయింది. పాములవాళ్ల మీదా ఎలుగుబంట్లవాళ్ల మీదా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పడింది. ఎలుగును, కోతిని ఆటకు వాడకూడదని 1998లో కేంద్రం మళ్లీ ఉత్తర్వు ఇచ్చింది. జంతువుకు న్యాయమే జరిగింది. తాడు వదిలేసిన చేతిలో ఏం పెట్టారని అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

1970లో రాష్ట్రం వెనుకబడిన తరగతుల జాబితా తయారుచేసినప్పుడు బుడబుక్కల, పాముల, దొమ్మర వాళ్లను ఎ గ్రూపులో చేర్చింది. మంచిదే. దూదేకులవాళ్లకు బి గ్రూపులో చోటిచ్చింది. కానీ అదే డమరుకం వాయించే తురక బుడబుక్కలవాడికీ, అదే పాములబుట్ట మోసే సాయిబుకూ 2007 దాకా, అంటే 37 ఏళ్లు, పేరే లేదు. గోసంగి సంగతి ఇంకా ఘోరం. హిందువైన గోసంగి షెడ్యూల్డ్ కులం, ముస్లిమైన గోసంగి బీసీ-ఇ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మతం చూసి గీసిన గీత ఇది. ఆ గీత ఎవరి కంటికీ ఆనదు. 4 శాతం మాత్రం అందరి కంట్లో నలుసు. 2010లో హైకోర్టు కొట్టేస్తే, ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. 2023లో చేవెళ్ల సభలో అమిత్ షా దాన్ని రద్దు చేస్తామన్నారు. ఇది మతం పేరిట ఇచ్చిందే అయితే సయ్యద్, మొగల్, పఠాన్, అరబ్, బోహ్రా, ఖోజాలను అదే చట్టం ఎందుకు బయటపెట్టింది?

మాలోకి మేము కూడా చూసుకోవాలి. 1998లో 'జల్జలా' వచ్చినప్పటి నుంచి ముస్లింవాద సాహిత్యం అనుమానం గురించీ, అభద్రత గురించీ, గల్లీ గురించీ గట్టిగా మాట్లాడింది. మాట్లాడవలసిందే. అయితే గల్లీ అనేది ఇల్లున్నవాడి చిరునామా. డేరా ఫకీరుకు గల్లీ ఏది? అతనికి కాస్త నీడ దొరికేది దర్గా మెట్ల మీద, పీర్ల చావిడి దగ్గర. వాటిని షిర్క్ అనీ బిద్‌అత్ అనీ తుడిచెయ్యాలని చూసేవాళ్లు మా చదువుకున్నవాళ్లలోనే ఉన్నారు. హిందూ జానపదంవాళ్లు ఇతన్ని లోపలికి రానివ్వలేదని నిందించే ముందు ఇది కూడా మాట్లాడుకోవాలి.

ఇంకొకటి. ఆ 14 సమూహాల్లో షేకులు కూడా ఉన్నారు. ప్రొద్దుటూరులో ట్యూషన్లకు పోయి చదివే షేకుల పిల్లవాడూ, ఎలుగుబంట్లవాళ్ల పిల్లవాడూ ఒకే 4 శాతం కోసం నిలబడాలి. లోపల వర్గీకరణ కావాలని మాదిగ సోదరులు దశాబ్దాలుగా అడిగిన ప్రశ్నే ఇక్కడా ఉంది. మాలో ఆ మాట ఎత్తితే ఐక్యత దెబ్బతింటుందంటారు. ఐక్యత పేరుతో ఎవరి నోరు మూస్తున్నామో చూడాలి కదా.

జాబితాలో పేరుంటే సరిపోదు, కాగితం చేతికి రావాలి. కాగితానికి ఊరు కావాలి, ఇంటి నంబరు కావాలి, తండ్రి బడి రికార్డు కావాలి. జమ్మలమడుగు దగ్గర దొమ్మర నంద్యాల అని ఊరుంది. దొమ్మరాటకు కనీసం ఊరి పేరైనా మిగిలింది. ఏ ఊరు మీది అని మండలాఫీసులో అడిగితే నిన్న సింహాద్రిపురంలో, నేడు ముద్దనూరులో, ఎల్లుండి ఎర్రగుంట్లలో డేరా వేసేవాడు ఏం చెప్పాలి? షేక్ అని రాయించుకో, పని తొందరగా అవుతుంది అని పక్కనున్నవాడు సలహా ఇస్తాడు. అతను రాయించుకుంటాడు.