గురులఘువుల తంతి

జూలై వచ్చిందంటే నాకు ఒక ఫొటోతో పేచీ మొదలవుతుంది. చెక్క పలక మీద బిగించిన ఇత్తడి టెలిగ్రాఫ్ కీ, దాని నల్ల గుబ్బ, పక్కన పసుపెక్కిన టెలిగ్రాం కాగితం. కింద, ఆ చప్పుడు ఇవాళ్టితోనే మూగబోయిందన్న ధోరణిలో ఒక వ్యాఖ్య. ఈ వారం కూడా ఫోన్‌లో నాలుగు దిక్కుల నుంచీ వచ్చి పడింది. 2013 జూలై 14 రాత్రి బీఎస్ఎన్ఎల్ చివరి టెలిగ్రాములు తీసుకున్న మాట నిజమే. కానీ ఆ రాత్రి ఎవరూ కీ నొక్కలేదు. అప్పటికే టెలిగ్రాం కంప్యూటర్‌లో టైపు చేస్తే అవతలి కంప్యూటర్‌లో తేలేది. అంతకు ముందు టెలిప్రింటర్లు. మోర్స్ కీ తంతి ఆఫీసు బల్లల మీంచి ఎప్పుడో దిగిపోయింది, అప్పుడు క్యూలు కట్టిందెవరూ లేరు. ఫొటోల కింది వ్యాఖ్యల మీద నా పగ ఈ కాలమ్ చదివేవాళ్లకు పాతదే కనుక ఇక సాగదీయను.

పైగా ఆ మూగబోయిన చప్పుడు మా హన్మకొండ సందులో, ఎదురింటి డాబా మీద, ఈ వారమంతా మోగుతూనే ఉంది. ఇంజినీరింగ్ చదివే పిల్ల. హామ్ రేడియో లైసెన్స్ పరీక్షకి తయారవుతోంది. ఆ లైసెన్స్‌లో రెండు మెట్లున్నాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ అక్కర్లేదు. జనరల్ గ్రేడుకి నిమిషానికి 8 పదాల వేగంతో పంపాలి, అదే వేగంతో వచ్చేది విని రాసుకోవాలి. ఒకప్పుడు పై గ్రేడుకి 12 పదాలు అడిగేవారు. వాళ్ల నాన్న, ‘‘అక్కెర లేనిదానికి ఎందుకు బిడ్డా ఈ టిక్కుటిక్కు, చిన్న గ్రేడు రాసి ఊకోరాదు?’’ అంటాడు. పంచాయితీ నా దగ్గరికి వచ్చింది. కష్టం తీసేసిన పరీక్ష ఉప్పు తీసేసిన పచ్చడి అని ఎక్కాల గురించీ, చేతిరాత గురించీ, పదో తరగతి ఛందస్సు గురించీ ఇక్కడే రాసినవాణ్ని. తీర్పు ఎటు చెబుతానో తండ్రీకూతుళ్లిద్దరికీ తెలుసు. జనరల్ గ్రేడే రాయమన్నాను. నా మాటకి వెనక బలంగా మా పెద్దబాపుని నిలబెట్టుకున్నాను.

పెద్దబాపు కాజీపేట జంక్షన్‌లో సిగ్నలర్. సిగ్నలర్ అంటే జెండా ఊపే మనిషనుకునేరు. రైల్వే తంతి గదిలో కీ ముందు కూచునే ఉద్యోగం అది. 1929లో బల్హార్షా లైను వచ్చి కలిసినప్పటి నుంచీ కాజీపేట అంటే ఢిల్లీ నుంచి మద్రాసు పోయే దారి, సికింద్రాబాద్ నుంచి వచ్చే దారి ఒకచోట కూడే జాగా. బెల్లంపల్లి వైపు నుంచి దిగే బొగ్గు వ్యాగన్లు, ఆలస్యమైన మెయిళ్లు, ఎక్కడో ఆగిపోయిన గూడ్సు బండి, అన్నీ ఆ గదిలోకి చప్పుళ్లుగా వచ్చి చప్పుళ్లుగా పోయేవి. సినిమాల్లో వినిపించే పీప్ పీప్ అక్కడ లేదు. అది రేడియో చప్పుడు. తంతి గదిలో ఉండేది సౌండర్. కరెంటు రాగానే ఇనుప చెయ్యి ‘కట్’మని కిందికి కొట్టుకుంటుంది, పోగానే ‘కడ’మని పైకి కొట్టుకుంటుంది. ఈ రెండు దెబ్బల నడుమ ఎంత ఎడం ఉందన్నదాన్ని బట్టి అది చుక్కో గీతో చెవి తేల్చుకోవాలి. అంటే వినాల్సింది చప్పుడుని కాదు, చప్పుళ్ల నడుమ ఖాళీని. ఆ దెబ్బ ఖంగుమనడానికి సౌండర్ వెనక ఖాళీ సిగరెట్ డబ్బా ఆనించేవాడు. పక్కన ఇంకో రెండు సౌండర్లు వాగుతున్నా తన డబ్బా గొంతు తనకు తెలిసేదట.

మాకు నేర్పేటప్పుడు కాగితం ముట్టనిచ్చేవాడు కాదు. ‘‘కంటితోని నేర్చినోడు జన్మల వినలేడురా’’ అనేవాడు. చుక్కలూ గీతలూ గీసిన పట్టిక కనిపిస్తే మడిచి జేబులో పెట్టుకునేవాడు. గుబ్బని మూడు వేళ్లతో పట్టుకోవాలి, పిసకకూడదు. ముంజేయి బల్ల మీద ఆనాలి. కదలాల్సింది మణికట్టు. వేళ్లతో పొడిచేవాడికి గంటలో చెయ్యి పట్టేస్తుంది, ఏళ్ల తరబడి పొడిస్తే ఆ చెయ్యి పనికే రాదు. కీ కింద రెండు మొనల మధ్య సందు పోస్టుకార్డు మందం ఉంటే చాలు. అంతకన్నా ఎక్కువైతే మణికట్టుకి వృథా ప్రయాణం, తక్కువైతే దెబ్బలు ఒకదానికొకటి అంటుకుంటాయి.

లెక్క సులువే. చుక్క ఒక పాలు. గీత మూడు పాళ్లు. ఒకే అక్షరంలోని ముక్కల నడుమ ఖాళీ ఒక పాలు, అక్షరానికీ అక్షరానికీ నడుమ మూడు, మాటకీ మాటకీ నడుమ ఏడు. నిమిషానికి 8 పదాలంటే ఒక పాలు 0.15 సెకను. కొత్తవాళ్లకి చుక్కలూ గీతలూ త్వరగానే వస్తాయి. వాళ్లని ముంచేది ఖాళీలు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మ’ అని కొట్టండి: ఎ, ఎమ్, ఎమ్, ఎ. మొదటి రెంటి నడుమ, చివరి రెంటి నడుమ ఊపిరి తీయకుండా కొడితే అవతలి మనిషి రాసుకునేది ‘జె, క్యూ’. పెద్దబాపు మాచేత మొట్టమొదట కొట్టించిన మాట అదే. తెలుగు కబుర్లు పోయింది ఇంగ్లీషు లిపిలోనే. 1949లో నాగరి లిపికి తంతి సంకేతాలు వచ్చాయి గానీ మన అక్షరాలకి ఆ యోగం పట్టలేదు. మోర్స్‌తో పనిచేసిన ఆల్ఫ్రెడ్ వెయిల్ అచ్చాఫీసులో ఏ అక్షరం అచ్చులు ఎక్కువున్నాయో చూసి, ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ వాడే ‘ఇ’కి ఒక్క చుక్క ఇచ్చాడంటారు. తెలుగుని ఆ లిపిలో రాస్తే అడుగడుక్కీ తగిలేది ‘ఎ’. దానికి ఒక చుక్క, ఒక గీత. మన కబురు ఇంగ్లీషు కబురుకన్నా ఆ మేరకు ఎప్పుడూ బరువే.

ఇక్కడే దారి తప్పాను. చాలా సంతోషంగా తప్పాను.

ఎదురింటి డాబా గోడకి ఆ పిల్ల పట్టిక అంటించుకుంది (పెద్దబాపు ఉంటే అది ఈపాటికి ఆయన జేబులో ఉండేది). మూడేసి ముక్కలున్న అక్షరాలు లెక్కపెట్టాను. ఎనిమిది. చుక్కని లఘువు అనుకుని, గీతని గురువు అనుకుని చూడండి. మూడు గురువులు మగణం, అది ‘ఓ’. మూడు లఘువులు నగణం, అది ‘ఎస్’. యగణం ‘డబ్ల్యూ’, రగణం ‘కె’, తగణం ‘జి’, జగణం ‘ఆర్’, భగణం ‘డి’, సగణం ‘యు’. యమాతారాజభానసలగం మొత్తం గోడ మీద ఉంది! ఇందులో మహిమ ఏమీ లేదు, రెండు విలువల్ని మూడు చోట్ల పెడితే ఎనిమిదే వస్తాయి, పింగళుడు ఎరిగిన లెక్కే. అయినా ఆ సాయంత్రం నన్నెవరూ ఆపలేకపోయారు. ఆపదలో పంపే ఎస్ ఓ ఎస్ ఏమైంది? న, మ, న. ‘వ’గణం, అదే లగం, ‘ఎ’ అయింది. పోతన చెయ్యి తిరిగిన మత్తేభం స భ ర న మ య వ, అంటే ప్రతి పాదమూ ‘యు డి కె ఎస్ ఓ డబ్ల్యూ ఎ’. బమ్మెర నుంచి కబురు వచ్చినట్టే ఉంది.

పక్కనే పాలకుర్తి. సోమనాథుడి ద్విపద చూడకుండా ఎట్లా? మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణాలు ఆరు: నగం, నలం, సలం, భ, ర, త. ఒక్కటి కూడా బీరుపోకుండా ఆరింటికీ ఆరక్షరాలు దొరికాయి: వి, హెచ్, ఎఫ్, డి, కె, జి. సూర్యగణాలు రెండు. నగణం ‘ఎస్’, హగణం ‘ఎన్’. అంటే బసవపురాణం మొదటి నుంచి చివరి దాకా ఎనిమిది మోర్స్ అక్షరాల్లో ఇమిడిపోతుంది. నాలుగు ముక్కల కూర్పులు పదహారు వస్తాయి, ఇంగ్లీషు అక్షరాలు వాడుకున్నవి పన్నెండే. సోమనాథుడికి కావలసిన నాలుగు ముక్కల గణాలు మూడూ ఆ పన్నెండులోనే పడ్డాయి, మిగిలిపోయిన నాలుగింటి జోలికి ఆయన పోనే లేదు. ఇప్పటి హామ్‌లు వాడే కీల్లో రెండు తెడ్లున్న రకం ఒకటుంది. రెండూ కలిపి నొక్కితే చుక్క, గీత, చుక్క, గీత అంటూ దానంతటదే సాగుతుంది. దాన్ని అయాంబిక్ కీ అంటారు. అయాంబ్ అంటే వాళ్ల ఛందస్సులో మన లగమే. కనుక ఛందస్సుని ఈ గదిలోకి లాక్కొచ్చిన మొదటివాణ్ని నేను కాదు.

ఒక్క చోట బండి పట్టాలు తప్పుతుంది. గురువుకి రెండు మాత్రలు. మోర్స్ గీతకి మూడు. మూడు మాత్రలున్నది గురువు కాదు, ప్లుతం. హ్రస్వ దీర్ఘ ప్లుతాలకి మన వ్యాకర్తలు కోడి కూతని గుర్తుగా చూపించారు. ఆ లెక్కన హామ్‌లు ‘డా’ అని పలికే గీత కోడి కూతలోని చివరి సాగదీత. కాగితం మీద ఉత్పలమాలకీ మోర్స్‌కీ కుదిరిన చుట్టరికం చెవిలో పడేసరికి తెగిపోతుంది. కీ మీద ఉత్పలమాల నడక కొట్టి చూశాను. అది ఉత్పలమాల కాదు, జంక్షన్ బయట సిగ్నల్ కోసం ఆగి ఆగి కదిలే గూడ్సు.

ఆ పిల్ల మర్యాదగానే విన్నది. చివరికి, ‘‘మస్తుంది తాతా, గని ‘కె’ ఇనంగనే రగణం, రగణం నుంచి మళ్లా ‘కె’. గంతల రెండక్షరాలు పోతున్నయి’’ అంది. పెద్దబాపు జేబు గుర్తొచ్చింది. ఇంతకీ ఆమె గోడ మీది పట్టికని తను వాడట్లేదట, వచ్చిపోయేవాళ్లకి చూపించడానికి అంటించిందట. ఆమె నేర్చుకుంటున్నది 1930లలో లుడ్విగ్ కాఖ్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త చూపిన దారి. మొదటి రోజే పూర్తి వేగం, కానీ రెండే అక్షరాలు. పదింట తొమ్మిది సరిగ్గా పట్టుకున్నాకే మూడోది. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకునేవాడు లెక్కపెట్టడం అలవాటు చేసుకుంటాడు, ఆ అలవాటు తర్వాత వదలదు. అందుకని లెక్కపెట్టే వ్యవధే ఇవ్వకూడదు.

నన్ను అంతకన్నా కదిలించింది ఇంకో సంగతి. పరీక్షకి కావలసిన 8 ఆమెకి ఎప్పుడో వచ్చేసింది. ఇప్పుడు కొడుతున్నది 15 మీద. ఎందుకు అంటే, రాత్రిపూట 7 మెగాహెర్ట్జ్ అడుగు భాగంలో మోర్స్‌లో మాట్లాడుకునేవాళ్లు ఉంటారు, వాళ్లు అంత వేగంగా కొడతారు, వాళ్ల మాటలు వినాలి, అంతే. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో రకంగా ఉంటుందట, పిలుపు గుర్తు రాకముందే మనిషిని పోల్చుకుంటుందట.

బయటి దేశాల హామ్‌ల సంగతే చూడండి. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు, మోర్స్ తప్పనిసరి కాదని, ఏ దేశం ఇష్టం ఆ దేశానిదని తేల్చేసింది. అమెరికా 2007లో మోర్స్ పరీక్షనే ఎత్తేసింది. ఇక మోర్స్ పని అయిపోయిందని నాలాంటివాళ్లు అప్పుడు అక్కడా రాసే ఉంటారు. అయిపోలేదు. రాత్రుళ్లు ఆ పిల్ల వింటున్నదాంట్లో సగం, ఎవరూ అడగకపోయినా నేర్చుకున్నవాళ్ల చేతులే. ఆపదలో మోర్స్ తప్ప దిక్కుండదన్న వాదన నాదీ ఒకటి ఉండేది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం 2004 డిసెంబర్‌లో అండమాన్‌లో ఉండగానే సునామీ వచ్చింది, భారతీ ప్రసాద్, ఆమె తోటివాళ్లు పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు అందించారు. ఆ మాట నేను చాలాసార్లు వాడుకున్నాను. కానీ అక్కడ అక్కరకొచ్చింది రేడియో, దాన్ని నడపడం తెలిసిన మనుషులు. కీ రానివాళ్లకి లైసెన్సే వద్దనడానికి అది సాక్ష్యం కాదు.

మరి పెద్దబాపు? ఆయన సాక్ష్యం నాకు అనుకూలం అనుకునే ఇంత దూరం వచ్చాను. రిటైరయ్యాక ఆయన కీ ముట్టలేదు. పెళ్లిళ్లలో పిల్లలు చెంచాతో పళ్లెం మీద కొట్టి ‘‘ఇదేమక్షరం తాతా’’ అంటే విననట్టు లేచిపోయేవాడు. ‘‘కడుపుకోసం కొట్టిన, అయిపాయె’’ అనేవాడు. నిద్రలో కూడా డబ్బా వాగేదట, అది ఆగిన రోజు పండగ చేసుకున్నాడట. అదే మనిషికి భాగవత పద్యాలు వందల్లో నోటికొచ్చు. ఎవరూ జీతమివ్వలేదు, పరీక్ష పెట్టలేదు. గణాల పేర్లు అడిగితే తెల్లమొహం వేసేవాడు. ఎక్కడ యతి తప్పినా మాత్రం ఠక్కున ఆపేవాడు. తప్పనిసరై నేర్చినది దించేసుకుని, తనంతట తాను పట్టుకున్నదాన్ని పోయేదాకా పట్టుకునే ఉన్నాడు.

కాబట్టి జనరల్ గ్రేడు నుంచి మోర్స్ తీసేస్తామని రేపు ఎవరైనా అంటే నేను వ్యతిరేకించను. ఆ పిల్లతో ఆ మాటే అన్నాను, చిన్న గ్రేడే రాసుకో పో అన్నాను. వాళ్ల నాన్న మొహం వెలిగింది. ఆమె మాత్రం జనరలే రాస్తుందట, ఫీజు కట్టేసిందట. ఇబ్బంది వచ్చిపడింది నాకు. పదో తరగతిలో గణవిభజన మార్కులు తగ్గించడానికి వీల్లేదంటూ వచ్చే వారానికి రాసిపెట్టుకున్న కాలమ్ సొరుగులో ఉంది. దాన్ని ఏం చేయాలో ఆదివారం లోపల తేల్చుకోవాలి.