పాత పలకలకు క్రొత్త ప్రాణము : కిమ్-1 ప్రతికృతులపై ఒక విమర్శ

పాత గడియారములను బాగుచేయువారు, మూగవోయిన రేడియోలను మరల పలికించువారు అన్ని దేశములలోను కలరు. ఈ కోవలో ఇరువదియొకటవ శతాబ్దమున మరియొక వ్యాసంగము చేరినది. 1970 తరువాతి కాలమున తయారైన ఏకఫలక కంప్యూటర్లను, అనగా భాగములన్నియు ఒకే పలక మీద అమర్చబడిన చిన్న కంప్యూటర్లను, కొందరు వెదకి తెచ్చి బాగుచేయుచున్నారు. అసలు యంత్రము దొరకనివారు దానికి ప్రతికృతులు నిర్మించుకొనుచున్నారు. ఇది వట్టి వినోదమేనా, విద్యకు దీనివలన ప్రయోజనమేమైనను ఉన్నదా అను ప్రశ్న ఉపాధ్యాయులకు కలుగుట సహజము. ప్రతికృతులన్నియు సమాన విలువ గలవి కావు గనుక వానిని తూచుటకు ఒక కొలబద్ద అవసరము. అట్టి కొలబద్దను నిర్ణయించుటకు కిమ్-1 అను యంత్రము మంచి ఉదాహరణము.

అసలు యంత్రము

కిమ్-1 ను అమెరికాలోని ఎమ్.ఓ.ఎస్. టెక్నాలజీ అను సంస్థ 1976లో వెలువరించెను. చక్ పెడిల్ నాయకత్వమున ఆ సంస్థ ఇంజనీర్లు రూపొందించిన 6502 అను మైక్రోప్రాసెసరు అంతకు ముందు ఏడాదియే, 1975లో, 25 డాలర్లకే అమ్మకమునకు వచ్చి అందరిని ఆశ్చర్యపరచినది. ఆ చిప్పు గుణములను ఇంజనీర్లు స్వయముగా పరీక్షించి చూచుకొనుటకై చేసిన పలకయే కిమ్-1. దాని వెల 245 డాలర్లు. ఇంజనీర్ల కొరకు చేయబడినను, విద్యార్థులును, ఇంటివద్ద ప్రయోగములు చేసికొను ఔత్సాహికులును దీనిని ఎక్కువగా కొనిరి.

ఈ పలక మీద 6502 మైక్రోప్రాసెసరు ఒకటి; 1,024 బైట్ల జ్ఞాపకమునకు ఎనిమిది చిన్న చిప్పులు; 6530 అను చిప్పులు రెండు; ఇరువదిమూడు మీటలు; ఆరు వెలుగు అంకెలు కలవు. ఒక్కొక్క 6530 లో 1,024 బైట్ల శాశ్వత స్మృతి, 64 బైట్ల తాత్కాలిక స్మృతి, కాలమును లెక్కించు ఏర్పాటు ఇమిడియున్నవి. అనగా యంత్రము మొత్తములో మార్చి వ్రాసికొనదగిన జ్ఞాపకము 1,152 బైట్లు మాత్రమే. నేడు చేతి ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రమునకే సాధారణముగా పది లక్షల బైట్లకు పైగా పట్టును. దీనినిబట్టి కిమ్-1 ఎంత చిన్న యంత్రమో పాఠకులు ఊహించుకొనవచ్చును.

చిన్నదైనను ఈ యంత్రములో దాపరికము లేదు. పూర్తి విద్యుత్ పథకచిత్రమును, శాశ్వత స్మృతిలోని మానిటరు ప్రోగ్రామును వరుస తప్పకుండ అచ్చువేసి యంత్రముతోపాటు ఇచ్చిరి. నేడు ప్రతికృతులు సాధ్యమగుటకు ముఖ్యకారణము ఇదియే. మీట నొక్కినప్పటినుండి అంకె వెలుగువరకు నడుమ జరుగు ప్రతి చర్యను విద్యార్థి కాగితము మీద వేలుపెట్టి అనుసరించగలడు.

ఒక్క నిదర్శనము చాలును. కిమ్-1 లోని ఆరు అంకెలలో నాలుగు చిరునామాను, రెండు ఆ చిరునామాలోని విలువను చూపును. అవి ఆరును ఒక్కసారిగా వెలుగుచున్నట్లు కంటికి తోచును గాని, నిజమునకు మానిటరు ప్రోగ్రాము ఒకదాని తరువాత ఒకటిగా వానిని మిక్కిలి వేగముగా వెలిగించుచుండును. విద్యార్థి తాను వ్రాసిన ప్రోగ్రామును నడిపింపగానే మానిటరు ప్రక్కకు తప్పుకొనును, దీపములారును ఆరిపోవును! వెలుగు కావలెనన్నచో తన ప్రోగ్రాములోనే ఆ పని చేయు భాగమును మాటిమాటికి పిలువవలెను. యంత్రము తనంత తానుగా ఏ పనియు చేయదనియు, ప్రతి వెలుగు వెనుక ఒక ఆదేశము ఉండుననియు ఇంతకంటె స్పష్టముగా చెప్పు పాఠము లేదు.

బాగుచేయుటలోని మంచి చెడ్డలు

పాత పలక చేతికి రాగానే దానికి విద్యుత్తు కలుపుట అవివేకము. కిమ్-1 కు 5 వోల్టుల విద్యుత్తును బయటినుండి ఈయవలెను. పలక మీద దానిని అదుపుచేయు ఏర్పాటు లేదు. వోల్టులు హద్దుమీరినచో చిప్పులు క్షణములో నశించును. కావున ముందుగా విద్యుత్తు నిచ్చు పెట్టెను మీటరుతో పరీక్షించి, పలకను శుభ్రపరచి, మీటల స్పర్శలను, సాకెట్ల కాళ్ళను చూచుకొని, ఆ తరువాతనే మీట వేయుట పద్ధతి.

అప్పటికిని దీపములు వెలుగకున్నచో పలువురు చేయు పొరపాటు ఒకటి కలదు. మైక్రోప్రాసెసరే చెడినదని తలచి చిప్పులన్నిటిని ఊడబెరికి క్రొత్తవి వేయుదురు. ఇచట కొంచెము ఆలోచింపవలెను. జ్ఞాపకపు చిప్పులు ఎనిమిదింటిలో ఒక్కొక్కటి ప్రతి బైటునుండి ఒక్కొక్క బిట్టును మాత్రమే దాచును. వానిలో ఒక్కటి చెడినను ప్రతి చిరునామాలోను అదే స్థానమున తప్పు వచ్చును. మానిటరు ప్రోగ్రాము తాను తిరిగి రావలసిన చోటును కూడ ఆ జ్ఞాపకములోనే గుర్తుపెట్టుకొనును. ఆ గుర్తు తప్పగానే దారి తప్పును, దీపములు వెలుగవు. ఒక్క చిన్న చిప్పు దోషము యంత్రమంతయు చచ్చినట్లు చూపునన్నమాట. ఒక్కొక్క భాగమును వేరువేరుగా పరీక్షించువాడు ఈ సత్యమును కనుగొనును. అన్నిటిని మార్చినవాని యంత్రము పనిచేయవచ్చును గాని, అతడు నేర్చినది ఏమియు ఉండదు.

చరిత్ర దృష్టితో చూచినను ఈ తొందరపాటు హానికరమే. 1976 నడిమికి ముందు తయారైన తొలి 6502 చిప్పులలో, ఒక బైటులోని బిట్లను కుడివైపునకు త్రిప్పు ఆదేశము లేదు. అట్టి చిప్పు గల పలక దొరికినప్పుడు దానిని తీసి తరువాతి కాలపు చిప్పును పెట్టినచో ప్రోగ్రాములు మరింత సాఫీగా నడచును. కాని ఆ యంత్రము చెప్పగలిగిన ముఖ్యమైన సాక్ష్యము తుడిచిపెట్టుకొనిపోవును. ఏమి తీసితిమో, ఏమి పెట్టితిమో వ్రాసియుంచి, తీసిన చిప్పును పలకతోపాటు భద్రపరచుట కనీస ధర్మము.

6530 చెడినచో చిక్కు మరింత పెద్దది. దానిలోని ప్రోగ్రాము చిప్పు తయారగునప్పుడే దానిలో ముద్రింపబడినది. ఇతర యంత్రములలో ఉన్న 6530 లలో వేరు ప్రోగ్రాములు ఉండును. పేరు ఒకటే అయినను ఒకదానికి బదులుగా మరియొకటి పనికిరాదు. అందుచేత 6532 అను సోదర చిప్పును, శాశ్వత స్మృతికి వేరొక చిప్పును చిన్న పలక మీద అమర్చి, దానిని 6530 స్థానములో పెట్టుదురు. ఇది దోషము కాదు. విరిగిన కాలికి కట్టెకాలు వంటిది. అది కట్టెకాలని పైకి తెలియవలెను, అంతే.

ప్రతికృతులు రెండు తెగలు

మొదటి తెగలో నిజమైన 6502 ఉండును. పి.ఎ.ఎల్.-1, మైక్రో-కిమ్ అనునవి ఇట్టివి. వీనిలో రెండు 6530 లకు బదులుగా ఒక 6532 ను, వేరుగా శాశ్వత స్మృతిని వాడిరి. జ్ఞాపకము అసలు యంత్రములో కంటె అధికము. భాగములను కొనువాడే టంకము పెట్టి అతుకుకొనవలెను. రెండవ తెగలో 6502 ఉండనే ఉండదు. కిమ్ ఊనో అను చిన్న పలక ఇట్టిది. దానిలోని వేరొక మైక్రోకంట్రోలరు 6502 ఆదేశములను ఒక్కొక్కటిగా చదివి, ఆ చిప్పు ఏమి చేసియుండునో తాను ప్రోగ్రాము ద్వారా అనుకరించును. మీటలును అంకెలును కిమ్-1 లో వలెనే ఉండును.

వీనిని మూడు ప్రశ్నలతో తూచవచ్చును. యంత్రము లోపలి చర్యను మీటరుతో గాని, ఆసిలోస్కోపుతో గాని తాకి చూడవచ్చునా? పథకచిత్రము, ప్రోగ్రాము విద్యార్థికి అందుబాటులో ఉన్నవా? పాతది ఏదో, క్రొత్తది ఏదో యంత్రము నిజము చెప్పుచున్నదా?

కిమ్ ఊనో రెండవ, మూడవ ప్రశ్నలకు చక్కగా నిలుచును. దాని నిర్మాణము బహిరంగము. అది తాను అసలు యంత్రమునని నటింపదు. చవుకగా దొరకును, జేబులో పట్టును. ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుటకు అది చాలును. మొదటి ప్రశ్నకు మాత్రము అది నిలువదు. 6502 యొక్క పదునారు చిరునామా తీగలు దానిలో లేవు. ఉన్నది వాని లెక్క మాత్రమే. విద్యార్థి ఎక్కడ తాకి చూచినను కనబడునది అనుకరించువాని నడకయే గాని, అనుకరింపబడినవాని నడక కాదు. నాటకములో రాజును చూచి రాజనీతిని కొంత నేర్వవచ్చును. రాజ్యము నడుచు తీరు తెలియదు.

పి.ఎ.ఎల్.-1, మైక్రో-కిమ్ మొదటి ప్రశ్నకును నిలుచును. అయినను ఒక హెచ్చరిక అవసరము. ఇట్టి పలకలలో కొందరు పాత 6502 కు బదులు నేటికిని తయారగుచున్న 65సి02 ను వాడుదురు. పాత చిప్పులో ఒక తప్పు కలదు: దూకవలసిన చిరునామా 256 బైట్ల పుట చివరి గడిలో మొదలైనచో, దాని రెండవ సగమును తరువాతి పుటనుండి గాక అదే పుట మొదటినుండి తెచ్చుకొనును. క్రొత్త చిప్పులో దీనిని సరిదిద్దిరి. కావున రెండును ఒకటే అనుట పొరపాటు. ఈ భేదమును దాచక పాఠముగా చెప్పినచో విద్యార్థికి లాభమే.

ఇక రూపము కొరకే పాటుపడువారు కొందరు కలరు. 1976 నాటి ఆపిల్-1 పలకలు సుమారు 200 మాత్రమే తయారైనవి. వానిలో ఒకటి 2014లో వేలమున 9,05,000 డాలర్లకు అమ్ముడుపోయినది. అందుచేత ఆనాటి తేదీలు గల చిప్పులనే ఏరి తెచ్చి, పలక రంగుతోసహా పోల్చి ప్రతికృతి చేయుట ఒక పందెమైనది. ఆ నేర్పు మెచ్చదగినదే. కాని తాను ప్రతికృతినని పలక మీద చెరగని గుర్తు లేనిచో, రేపటి చరిత్రకారుడు మోసపోవును. ఆ చిప్పుల కొరకు పనిచేయుచున్న మరియొక పాత యంత్రమును విప్పుటయు న్యాయము కాదు. పోలిక ఎంత చక్కగా ఉన్నను లోపలి పని తెలియకున్నచో అది పైన పటారము, లోన లొటారమే.

మన పాఠశాలలకు

తెలుగునాట ఇంజనీరింగు కళాశాలలలోను, పాలిటెక్నిక్కులలోను చదివినవారికి ఈ ఏకఫలక యంత్రము క్రొత్తది కాదు. ఇంటెల్ 8085 తో చేసిన శిక్షణ కిట్ల మీద వేలకొలది విద్యార్థులు 80 అని నొక్కి కూడిక చేయించిరి, 76 అని నొక్కి యంత్రమును నిలిపిరి. వానిలోను నాలుగు అంకెలు చిరునామాకు, రెండు విలువకు. పెక్కు కిట్లలో దీపములను వెలిగించు పని 8279 అను వేరొక చిప్పు చూచుకొనును గనుక, విద్యార్థి ప్రోగ్రాము నడుచునపుడును వెలుగు నిలిచియుండును. కిమ్-1 లో ఆరిపోవు దీపములు వీనిలో ఏల ఆరవో అడిగినచో, పనిని ప్రోగ్రాముతో చేయించుటకును ప్రత్యేకమైన చిప్పుతో చేయించుటకును గల భేదము తరగతి అంతటికి బోధపడును.

కావున ఈ వ్యాసంగమున దిగదలచిన ఉపాధ్యాయుడు విదేశములనుండి వెలగల పలకను తెప్పింపనక్కరలేదు. ఏ కళాశాల బీరువాలోనో మూలబడియున్న 8085 కిట్టు ఒకటి, దాని పుస్తకము, ఒక మీటరు చాలును. మొదట ఆ పుస్తకమును సంపాదింపవలెను. పుస్తకము లేని పలక సగము యంత్రమే. పిదప విద్యార్థులచేత ఒక నోటుపుస్తకము తెరిపించి, పలక మీద ఏ లోపము కనబడినదో, ఏ భాగమును అనుమానించితిమో, ఏ పరీక్షతో ఆ అనుమానము తీరినదో, ఏ చిప్పును మార్చితిమో తేదీలతోసహా వ్రాయింపవలెను. పలక చివరకు వెలుగకపోయినను ఆ నోటుపుస్తకము మరుసటి సంవత్సరపు విద్యార్థులకు పాఠ్యగ్రంథమగును.