గట్టు మీది తాడి

తాడేపల్లిగూడెం దగ్గర నేల స్వభావం మారుతుంది. ఎగువన ఎర్రమట్టి మెట్ట, దిగువన కాలువల కింద వరి పండే నల్లరేగడి. ఆ పల్లం వెంట ఏలూరు వైపు దిగితే కొల్లేరు వస్తుంది. మెట్టలో పామాయిలు, కోకో, మామిడి. డెల్టాలో వరి. ఇంకా కిందికి చేపల చెరువులు. ఈ మూడు నేలల్లోనూ గట్టు మీద నిలబడి కనిపించేది తాడిచెట్టు.

ఏ రైతూ దాన్ని పంట లెక్కల్లో రాసుకోడు. నీరు పెట్టడు, ఎరువు వేయడు. పొలానికి హద్దుగా ఉంటే చాలనుకుంటాడు. అందుకే తాడి అడక్కుండానే అన్నీ ఇచ్చే చెట్టని ఒక నమ్మకం బలపడింది. నిజానికి ఈ చెట్టు దగ్గర ఏదీ ఊరికే రాదు. పైకెక్కడం తెలిసినవాళ్లు, గీయడం తెలిసినవాళ్లు, పాతర వేయడం తెలిసినవాళ్లు ఉంటేనే వస్తుంది. అదీ ఒకటి తీసుకుంటే మరొకటి వదులుకోవాలి. ఆ ఎంపికలోనే పాతతరం నేర్పంతా ఉంది.

తాడిలో ఆడా మగా వేరు. పూత పట్టేదాకా ఏది పోతుతాడో, ఏది పెంటితాడో తెలియదు. ఆ పూత రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. పోతుతాటికి కాయ ఉండదు, దాని పూగెల నుంచి వచ్చే రసమే రాబడి. పెంటితాటికి మాత్రం మూడు దారులున్నాయి. గెల లేతగా ఉండగా గీస్తే రసం వస్తుంది, కాయ రాదు. కాయను లేతగా దించితే ముంజలు వస్తాయి, పండు రాదు. ఆగితే పండు రాలుతుంది, ఆ పండు టెంకే తేగ అవుతుంది. గట్టు మీద పది చెట్లుంటే వేటిని గీతకు వదలాలి, వేటిని ముంజలకు, వేటిని పండుకు అన్నది ఆ ఏడాది మొదట్లోనే తేల్చుకోవాల్సిన విషయం.

గీత సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే అన్నిటికంటే ప్రమాదకరమైనదీ, అన్నిటికంటే చులకనకు గురైనదీ అదే. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు, పాదాలకు బందం. ఈ రెంటి ఆధారంతోనే అరవై డెబ్బై అడుగుల కాండాన్ని ఎక్కుతారు. మట్టల అంచులకు రంపపు పళ్లుంటాయి, వాటి మధ్యకు చేరాలి. పోతుతాటి పూగెల వేళ్లను రోజుల తరబడి మెత్తగా ఒత్తుతారు. తర్వాత వాటిని కలిపి కట్టి, కొసను పలచగా కోసి కుండ తగిలిస్తారు. ఆ కోత మందమైతే గెల త్వరగా అయిపోతుంది, మరీ పలచనైతే రసం ఆగిపోతుంది. ఆ కొలత చేతికే తెలియాలి. రోజూ పొద్దునా సాయంత్రమూ ఎక్కి కొస తాజాగా గీయకపోతే గాయం ఆరి చెట్టు మూసుకుంటుంది. సెలవన్నది లేని పని.

తెల్లవారకముందు దించినది నీరా. ఎండెక్కే కొద్దీ గాలిలోని ఈస్టు పని మొదలుపెట్టి దాన్ని కల్లు చేస్తుంది. పులవకుండా ఉండాలంటే కుండ లోపల సున్నం పూస్తారు. క్షారం ఉన్నచోట ఈస్టు జోరు తగ్గుతుంది. బెల్లం వండాలనుకున్నవాళ్లు సున్నం పాళ్లలో చాలా జాగ్రత్తగా ఉంటారు. తక్కువైతే రసం పులుస్తుంది, ఎక్కువైతే బెల్లం రుచి చెడుతుంది. కిలో తాటిబెల్లానికి సుమారు 8 లీటర్ల నీరా కావాలి, దాన్ని గంటల తరబడి కాచాలి. బజార్లో తాటిబెల్లం ధర చూసి నొసలు చిట్లించేవాళ్లు ఆ కట్టెల ఖర్చూ, ఆ చెట్టు ఎక్కిన మనిషి శ్రమా గుర్తుంచుకోవాలని నా కోరిక.

ముంజల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఏప్రిల్ వస్తే 16వ నంబరు జాతీయ రహదారి పొడవునా గుట్టలు కనిపిస్తాయి. గెలను కింద పడేయకుండా తాడు కట్టి దించుతారు. నాలుగు రోజులు ముందు కోస్తే లోపల నీళ్లే, నాలుగు రోజులు ఆగితే కొబ్బరిలా గట్టి. పైన నిలబడి కాయ రంగు చూసి ఆ మధ్య రోజును పట్టుకోవాలి. ఖాళీ కాయలకు పుల్ల గుచ్చి పిల్లలు చేసే బండి ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన ప్రతివాళ్లూ తోలిందే.

శ్రావణ భాద్రపదాల్లో పండు రాలుతుంది. వాసన వీధి చివరి దాకా వస్తుంది. పైతోలు ఒలిచి, పీచు మధ్య పట్టుకున్న పేసాన్ని కాసిని నీళ్లతో పిసికి, జల్లెడ మీద రుద్ది తీస్తారు. పేసంలో కాస్త చేదు ఉంటుంది, ఫ్లాబెల్లిఫెరిన్లనే పదార్థాల వల్ల వచ్చే చేదు అది. వరినూక, బెల్లం కలిపి నిదానంగా సెగ మీద రొట్టె కాల్చినప్పుడు ఆ చేదు వెనక్కి తగ్గి తీపికి లోతునిస్తుంది. తాటిరొట్టె, తాటిగారె, ఎండబెట్టిన తాటితాండ్ర అన్నీ ఈ పేసంవే. ఇవి తెలిసిన వంటిళ్లు తగ్గిపోతున్నాయి. రాలిన పండు గట్టు మీదే కుళ్లిపోతున్న ఊళ్లూ ఉన్నాయి.

పేసం తీశాక మిగిలిన టెంకల్ని పారేయరు. అసలు పని అక్కడ మొదలవుతుంది. గుల్ల చేసిన మట్టి, ఇసుక కలిపి మెరక చేస్తారు. దాని మీద టెంకల్ని దగ్గరదగ్గరగా పరిచి, పలచగా మట్టి కప్పి, తడి ఆరకుండా చూస్తారు. ఇదే తేగల పాతర. తాటి టెంక మొలకెత్తే తీరు విచిత్రం. ఆకు పైకి రావడానికి ముందు ఒక గొట్టంలాంటి మొలక నేలలోకి దిగుతుంది. మొక్కగా మారే పిండాన్ని తనతోపాటు లోతుకు తీసుకుపోతుంది. ఎండకు, పశువుల కాళ్లకు, మంటకు అందని చోట పిల్లమొక్కను దాచే ఉపాయం అది. టెంకలోని ఆహారం ఆ మొలకలోకి పిండిపదార్థంగా దిగుతుంది. మనం తినే తేగ ఆ నిల్వే. మట్టి గట్టిగా ఉంటే తేగ వంకర పోతుంది, నీరు నిలిస్తే కుళ్లుతుంది. అందుకే పాతరకు ఇసుక నేల, మెరక. కాలం కూడా కలిసిరావాలి. తొందరపడి తవ్వితే సన్నటి పీచు, ఆలస్యమైతే పిండంతా ఆకుకు పోతుంది. సంక్రాంతికి తవ్వేలా పాతర వేసే లెక్క ఇలా కుదిరిందే.

తవ్వినప్పుడు రెండు దొరుకుతాయి. తేగ ఒకటి, పైన మిగిలిన టెంక ఒకటి. ఆ టెంకను కత్తితో పగలగొడితే లోపల తెల్లగా, తియ్యగా బుర్రగుంజు. తేగల్ని మాత్రం తంపట వేయాలి. కుండలో నిలువుగా బిగించి, మూతికి ఆకు కుక్కి, బోర్లించి, చుట్టూ తాటాకూ పిడకలూ పేర్చి మంట పెడతారు. నీళ్లు పోయకుండా తేగ తన చెమ్మతో తానే ఉడుకుతుంది. ఉప్పునీళ్లలో ఉడికించిన తేగకు ఆ కమ్మదనం రాదు. చీల్చినప్పుడు నడుమ కనిపించే లేత మొవ్వును పిల్లలు చందమామ అంటారు, దానికోసం పోటీ పడతారు.

ఇంత పని నేర్చిన జనానికి మన సామెతలు న్యాయం చేయలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఒకటి, చెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడని ఇంకొకటి. చెట్టు ఎక్కేవాణ్ని అనుమానించడమే ఈ రెంటి పని. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రతా సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టింది. చాలా ఏళ్ల కిందట జరగాల్సిన పని అది.

చెట్టు పడ్డాక కూడా తాడి పని అయిపోదు. తాటి కాండంలో చేవంతా బయటివైపు, నల్లగా ఇనుప పోగుల్లా ఉంటుంది. లోపల మెత్తటి బెండు. దూలాలకు బయటి చేవ కావాలి. కొల్లేటి దోనెకు కావలసింది ఈ రెంటి తేడాయే. ముదురు చెట్టు మొదలు, వేళ్ల దగ్గర లావుగా ఉబ్బిన భాగంతో సహా తీసుకుని, బాడిసెతో బెండును తొలిచేస్తారు. ఉబ్బిన మొదలు దోనెకు ఒక కొస. కోసిన రెండో కొసను మూసేస్తారు. లోతు తక్కువైన కొల్లేట్లో అలాంటి దోనె మీద నిలబడి గడ వేసుకుంటూ వడ్డిలనే జాలరులు వలలకు వెళ్లేవారు. రెండు దోనెల్ని జత కట్టిన సంగడి మీద ధాన్యం, పశుగ్రాసం లంకలకు దాటేవి. మేకు లేదు, కొన్న చెక్క లేదు.

కొల్లేటికి తాడి ఇంకో విధంగానూ అవసరం. గూడబాతులు ఎత్తైన చెట్ల మీద, తాటిచెట్ల మీద కూడా గుంపులుగా గూళ్లు కడతాయి. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో సుమారు 3,000 గూడబాతుల స్థావరాన్ని గుర్తించారు. 1975 నాటికి అది లేకుండా పోయింది. ఇప్పుడు ఆటపాకలో ఆ పక్షులు అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెడుతున్నాయి. పక్షులు తిరిగి రావడం సంతోషమే. అయినా 2002లో రామ్‌సార్ గుర్తింపు పొందిన సరస్సు ఒడ్డున గూటికి ఇనుము పాతాల్సి వచ్చిందంటే మనసు చివుక్కుమంటుంది.

ఇతర చోట్ల ఈ చెట్టును చూసే చూపు వేరు. తమిళనాడుకు ఇది రాష్ట్ర వృక్షం. శ్రీలంకలోని యాళ్పాణం (జాఫ్నా)లో ఎండబెట్టిన తేగల పిండితో గంజి కాచుకుంటారు, కరువు రోజుల్లో ఆ పిండే ఆదుకుంది. కంబోడియాలోని కంపాంగ్ స్పెయు తాటిబెల్లానికి 2010లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. మన దగ్గర కూడా పరిశోధనకు లోటు లేదు. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం కింద, రంపచోడవరం దగ్గర పందిరిమామిడి పరిశోధన కేంద్రం తాడి మీద పనిచేస్తోంది. లేనిది గట్టు మీద కొత్త చెట్టు.

దానికి కారణం సులభంగానే కనిపిస్తుంది. ముంజలకు గిరాకీ పెరిగి, ఉన్న గెలల్లో ఎక్కువ భాగం లేతగానే దిగిపోతున్నాయి. మిగిలిన పండ్ల టెంకలు తేగల పాతరకు పోతున్నాయి. నేల మీద రాలి, తనంతట తాను మొలిచే టెంక చాలాచోట్ల మిగలడం లేదు. పాత చెట్లు ఇటుక బట్టీలకు, చెరువు గట్ల విస్తరణకు పోతున్నాయి. ఇప్పుడు నాటితే కనీసం పన్నెండేళ్లకు గాని పూత రాదు కాబట్టి, ఈ లోటు మన కళ్లకు వెంటనే ఆనదు.

చెరువు గట్టున్న ప్రతివాళ్లూ చేయగలిగింది ఒకటుంది. ఒక పెంటితాటికి ఏడాదికి ఒక గెలను ముంజలకు దించకుండా పండనివ్వాలి. టెంకను నర్సరీలో పెంచి మార్చి నాటడం తాడికి పడదు, లోతుకు దిగిన మొలక తెగితే మొక్క బతకదు. చెట్టు ఎక్కడ కావాలో అక్కడే, జానెడు లోతు గుంటలో, భాద్రపదం వానలకు రెండేసి టెంకలు వేయాలి. మొదటి ఆకు పైకి కనిపించడానికి నెలలు పడుతుంది, ఈలోగా అక్కడ మొలవలేదనుకుని పార పెట్టకూడదు.