వరూధిని: ఒక పేరు చెప్పే తీర్పు

పురాణాల్లోని ఆడపేర్లు తెలుగు ఇళ్లలో చాలానే ఉన్నాయి. శకుంతల, దమయంతి, సుభద్ర వంటివి దేశంలో అన్ని భాషలవారికీ ఉమ్మడి ఆస్తి. 'వరూధిని' కూడా మార్కండేయ పురాణంలోని పేరే. అయితే ఈ పేరు వినగానే తెలుగువారికి స్ఫురించేది పురాణం కాదు, అల్లసాని పెద్దన రచించిన 'మనుచరిత్ర'. 1509 నుంచి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయలకు అంకితమైన కావ్యమది. ఆ రాయల రాజధాని నేటి కర్ణాటకలోని హంపి. ఈ పేరుకు తెలుగునాట ఇంత ప్రసిద్ధి తెచ్చిన కావ్యం అక్కడి కొలువుకు చెందిందని తెలుగునేలకు వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ముందు అర్థం చూద్దాం. సంస్కృతంలో ఈ మాట 'వరూథినీ'. 'వరూథం' అంటే రక్షణ, రథానికి కట్టే కాపు. అది గలది కనుక వరూథిని అంటే సేన. అమరకోశంలో వాహిని, చమువు వంటి మాటల వరుసలోనే ఇదీ కనిపిస్తుంది. ఏకాదశుల్లో ఒకదానికి కూడా ఇదే పేరు. తెలుగు, కన్నడ, మరాఠీ పంచాంగాల్లో అది చైత్ర బహుళ ఏకాదశి. నెలను పున్నమితో ముగించే ఒడియా పంచాంగంలో అదే తిథి వైశాఖంలో పడుతుంది. మొత్తం మీద నిఘంటువు ప్రకారం చూస్తే ఇది కోమలమైన పేరేమీ కాదు.

ఇక కథ. పాదలేపం మహిమతో హిమాలయానికి వెళ్లిన ప్రవరుడు, మంచుకు ఆ లేపం కరిగిపోగా, దారి తెలియక వరూధినిని అడుగుతాడు. అంతటి కళ్లుండగా దారి అడగటం మాట కలపడానికి నెపమే కదా అని ఆమె ఎత్తిపొడుస్తుంది. అతడు కర్మానుష్ఠానం పేరు చెబితే, యజ్ఞయాగాలకు ఫలం స్వర్గసుఖమే కదా, ఆ ఫలం ఎదుట నిలిచి ఉండగా తిరిగి కర్మ ఎందుకని వాదిస్తుంది. చివరకు ప్రవరుడు ఆమెను తోసివేసి, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరుకుంటాడు. ఆమె ఒకప్పుడు కాదన్న గంధర్వుడొకడు ప్రవరుడి రూపంలో వచ్చి ఆమెను మోసగిస్తాడు. వారికి పుట్టిన స్వరోచి కొడుకే రెండవ మనువైన స్వారోచిషుడు.

ఈ ఘట్టాన్ని పాఠంగా చెప్పేటప్పుడు నిగ్రహానికి ప్రవరుణ్ణి, చాపల్యానికి వరూధినిని ఉదాహరణలుగా చూపటం పరిపాటి. పరీక్షల్లో రాసే జవాబులు కూడా ఆ దారినే నడుస్తాయి. కానీ జనం వాడుక వేరే తీర్పు చెబుతోంది. 'ప్రవరాఖ్యుడు' అనే మాట తెలుగులో ఎగతాళిగా మారింది. ఆడవాళ్ల వైపు కన్నెత్తి చూడనట్లు నటించేవాణ్ణి కూడా అలాగే అంటాం. మగపిల్లవాడికి ఆ పేరు పెట్టటం అరుదు. వరూధిని మాత్రం ఎగతాళి మాట కాలేదు. సీత, లక్ష్మి అంతటి వ్యాప్తి లేకపోయినా, గౌరవమైన ఇంటిపేరున్న కుటుంబాల్లోనే ఆడపిల్లకు ఆ పేరు పెట్టుకుంటూ వచ్చారు. రంభ పేరు అందానికి ఉపమానమై ఆగిపోగా, అదే అప్సరోగణానికి చెందిన వరూధిని ఉయ్యాలలోకి చేరింది.

కథ తెలియకుండానే, పద్మిని, మాలిని, నళిని పేర్ల పక్కన చెవికింపుగా ఉందని పెట్టుకున్నారని ఒకరు అనవచ్చు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. అయితే ఈ కథ మరుగున పడినది కాదు. 1940లలో 'వరూధిని' చలనచిత్రంగా వచ్చింది. ఎస్.వి. రంగారావు తెరమీద తొలిసారి కనిపించింది అందులోని ప్రవరుడి పాత్రలోనే. 2013లో మొదలైన టెలివిజన్ ధారావాహిక పేరు 'వరూధిని పరిణయం'. కావ్యంలో ఆమెకు దక్కని పెళ్లిని ఆ శీర్షికే చేసి పెట్టింది. కథ తెలిసీ ఆ పేరు పెట్టుకున్నవారు ఆమెలో దోషాన్ని చూడలేదనుకోవాలి. మనసులోని మాటను దాచకుండా చెప్పింది, వాదించింది, అవమానపడింది, మోసపోయింది. మోసం చేసింది మాత్రం ఆమె కాదు. పెద్దన పద్యాల్లో ఆమె మాటకున్న బలం విన్నవారికి ఆమెను చాపల్యానికి గుర్తుగా కుదించటం సాధ్యం కాదు. ఈ విషయంలో పాఠ్యపుస్తకం కంటే పేరు పెట్టిన పెద్దలే కావ్యాన్ని నిండుగా చదివారని నా అభిప్రాయం.

చివరగా వర్ణక్రమం మాట. తెలుగులో థకారం, ధకారమై 'వరూధిని'గా స్థిరపడింది. కన్నడ, మరాఠీ, ఒడియా లిపుల్లో ఏకాదశి పేరు థకారంతోనే ఉంటుంది. తమిళ లిపిలో రెంటికీ ఒకే అక్షరం. అందుచేత బడి రిజిస్టరులో ఈ పేరు రాష్ట్రానికో రూపం ధరిస్తుంది. థకారం శాస్త్రసమ్మతమే. అంతమాత్రాన అమ్మమ్మ పేరును తప్పుగా భావించి దిద్దనక్కరలేదు. థకారంతో ఉన్నది సేనకు, తిథికి పేరు. ధకారంతో ఉన్నది పెద్దన కథానాయికను ఇంటి ఆడపడుచుగా చేసుకున్న తెలుగువారి పేరు. మీ ఇంట్లోనో, బంధువుల్లోనో ఆ పేరు గలవారుంటే, 'మనుచరిత్ర'లోని ఆ సంభాషణను ఈసారి ఆమె పక్షాన నిలబడి చదవండి.