పటములోని సామాన్యుడు

ఛాయాచిత్రము సత్యమునే చూపునని లోకము నమ్మును. కాని ఏది చూడదగినదో నిర్ణయించునది చిత్రకారుని దృష్టియే.

హైదరాబాదు నగరమును చిత్రించిన రాజా దీన్ దయాళ్ (1844-1905) ఇందుకు తగిన ఉదాహరణము. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయన పటములలో దర్బారులు, సౌధములు, వేటలు వెలుగుతో తీర్చినట్లుండును. ఘోషా స్త్రీలకై 1892లో వేరుగా చిత్రశాలను తెరచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించుట ఆయన లోకజ్ఞతకు సాక్ష్యము. అయినను చార్మినారు వీధిలోని బాటసారి, కట్టడపు ఎత్తును తెలుపుటకు నిలిపిన కొలబద్ద వలెనే కనిపించును.

సౌధమును దాటి వాకిటికి వచ్చిన చూపు వరంగల్లు వాసి భరత్ భూషణ్‌ది. 2022లో కన్నుమూసిన ఈ చిత్రకారుని పటములలో బతుకమ్మను ఎత్తుకొన్న పల్లె స్త్రీయే నాయిక. పండుగయు ఇంటిపనియు అచట ఒకే వెలుగులో కలిసియుండును.

ఇట్టి సామాన్యుల పటములు ఎచట నిలుచును? ఐర్లండులోని డబ్లిను నగరమున ఆర్థర్ ఫీల్డ్స్ అనునతడు 1930 దశకము మొదలు 1980 దశకము వరకు ఓకానెల్ వంతెనపై నిలిచి, దారిన పోవువారి పటములు తీసెను. మూలప్రతులను అతడు దాచలేదు. జనుల ఇండ్లలో మిగిలిన ప్రతులే నేడు ఆ నగరమునకు చరిత్రయైనవి.

ధర్మపురి జిల్లా తుంబలహళ్లి వంటి ఊళ్లలోని తెలుగువారికి ఆస్థాన చిత్రకారుడు లేడు. ఇంటి గోడపై వెలిసిపోవు పెండ్లి పటము, ఉగాది పటము వారికి చరిత్ర గ్రంథములు. వాని వెనుక పేర్లు, ఊరు, సంవత్సరము తెలుగున వ్రాసి యుంచుట విద్యావంతుల తొలి కర్తవ్యము. పేరు తెలియని ముఖము, సొంత తాతదే యైనను, మనుమనికి పరాయిదగును.