ఉప్పల్ ప్లానులో నడిచే మనిషి ఎక్కడ?

ఏటూరునాగారం, ములుగు మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి వరంగల్, జనగామ, భువనగిరి దాటి ఉప్పల్ దగ్గర హైదరాబాద్‌లో అడుగుపెడుతుంది. పదో తరగతో, ఇంటరో, ఐటీఐయో అయిపోయిన మన పిల్లలు చాలామంది బ్యాగు భుజానేసుకుని పని కోసం దిగేది ఇక్కడే. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు ఇక్కడికి దగ్గర. మందులు, ప్లాస్టిక్, తిండి సరుకులు, ప్యాకింగ్ పనులు ఏవో ఒకటి దొరుకుతాయి. కాబట్టి ఉప్పల్ రోడ్ల గురించి ప్రభుత్వాలు రాసే ప్లాన్లు మనకు సంబంధం లేనివి కావు. వాటిని పాఠం చదివినట్టు చదవాలి. ఇందులో ఎవరి గురించి రాశారు, ఎవరిని వదిలేశారు అని అడగాలి.

2020లో రాష్ట్ర ప్రభుత్వం గ్రిడ్ అనే విధానం తెచ్చింది. మాదాపూర్, గచ్చిబౌలి వైపే పెరుగుతున్న ఐటీని తూర్పుకూ పంచుదామన్నారు. ఆలోచన మంచిదే. ఉద్యోగాలన్నీ ఒకే మూలన ఉంటే ఊరంతా ఆ మూలకే ఉరకాలి. అయితే ఆ విధానానికి కనబడిన మనిషి ఐటీ ఉద్యోగి. అప్పటికే నాచారంలో షిఫ్టు పనికి పోతున్న మనిషి దాని లెక్కలోకి రాలేదు.

రోడ్డు సంగతి చూద్దాం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6 కిలోమీటర్లకు పైగా ఎలివేటెడ్ కారిడార్‌కు 2018 మేలో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు ఆరో తరగతిలో చేరిన పిల్ల ఇంటర్ కూడా ముగించింది. వంతెన మాత్రం ఏళ్ల తరబడి స్తంభాల దగ్గరే నిలిచింది. కింద మిగిలింది గుంతలు, దుమ్ము, వానొస్తే బురద. వంతెన వద్దని నేను అనను. వరంగల్ నుంచి అత్యవసరంగా వచ్చే రోగికి అది కావాలి. కానీ కట్టే కాలం కూడా జనం బతికే కాలమే. ఆ కాలంలో కింది రోడ్డు ఎలా ఉండాలి, బస్సు ఎక్కడ ఆగాలి, రోడ్డు పక్క దుకాణం ఎలా నడవాలి అన్నది ప్లానులో మొదటి పేజీలో ఉండాలి. మనవాళ్లు గుడిసె కప్పు మార్చేటప్పుడు కూడా ముందు పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంటారు.

ఉప్పల్‌లో నాకు బాగా నచ్చింది స్కైవాక్. 2023 జూన్‌లో తెరిచారు. దాదాపు 660 మీటర్లు. మెట్రో స్టేషన్‌కూ చౌరస్తా నలుదిక్కులకూ కలిపారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి. ముసలివాళ్లు, గర్భిణులు లారీల మధ్య రోడ్డు దాటే బాధ తప్పింది. కాళ్లను లెక్కపెట్టి కట్టింది ఇదొక్కటే. మెట్లు దిగి నాచారం వైపు తిరిగితే మాత్రం ఆ లెక్క ఆగిపోతుంది. నాచారానికి మెట్రో స్టేషన్ లేదు. హబ్సిగూడలో దిగి బస్సో షేర్ ఆటోనో పట్టాలి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. మంచిదే. కానీ రెండో షిఫ్టు విడిచిన రాత్రి వేళ బస్సు లేకపోతే ఆ ఉచితం దేనికి? ఆటో కిరాయి, చీకటి సందు రెండూ ఆ పిల్ల జీతంలోంచే పోతాయి. వీధిదీపం, ఫుట్‌పాత్, షిఫ్టు వేళకు బస్సు: వంతెన ఖర్చు పక్కన ఇవి చిల్లర. అయినా పిల్ల ఉద్యోగంలో నిలుస్తుందా, ఇంటికి తిరిగొస్తుందా అన్నది తేల్చేది ఇవే.

నేల కింది సంగతి ఇంకో కథ. జాతీయ రహదారి ఒకరిది, గల్లీ రోడ్డు ఇంకొకరిది, మంచినీళ్లు, మురుగు జలమండలివి, కరెంటు వేరే. పారిశ్రామికవాడ లోపల చూసేది మళ్లీ పరిశ్రమల శాఖ. అందుకే తారు పోసిన నెలకే తవ్వుతారు. ముందు మురుగు పైపు, తర్వాత నీళ్ల పైపు, కేబుల్, ఆఖరున తారు అన్న వరుస చిన్న మేస్త్రీకి కూడా తెలుసు. తెలియక కాదు, అందరినీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టే దిక్కు లేక. 2020 అక్టోబరు వానలకు రామంతాపూర్, హబ్సిగూడ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. చెరువుకూ నాలాకూ దారి వదలని రోడ్డు ఎంత వెడల్పుగా ఉంటే ఏం లాభం?

ఇప్పుడు అసలు భయం. 2025 నవంబరులో ప్రభుత్వం హిల్ట్ విధానం ప్రకటించింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి 22 పారిశ్రామికవాడల్లో దాదాపు 9,292 ఎకరాలను ఫీజు కట్టి ఇళ్లకు, ఆఫీసులకు, దుకాణాలకు మార్చుకోవచ్చు. నాచారం, ఉప్పల్ కూడా అందులో ఉన్నాయి. ఫీజు రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం. 80 అడుగులు, అంతకు మించిన రోడ్డు పక్క స్థలానికి 50 శాతం. రోడ్డు వెడల్పయిన కొద్దీ నేల విలువ పెరుగుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్న లెక్క ఇది. కాలుష్యం పోతుందంటే చుట్టుపక్కల బస్తీలకు మంచిదే. కానీ ఎకరం స్థలానికి యజమాని ఉన్నాడు, లెక్క ఉంది. అందులో ప్యాకింగ్ చేసే పిల్లకు ఏ లెక్కా లేదు. కంపెనీ ఔటర్ అవతలకు పోతే ఆమె కిరాయి గది, నాచారంలోని ఈఎస్ఐ ఆసుపత్రి, ఇప్పుడిప్పుడే దొరికిన స్నేహితులు ఇక్కడే ఉండిపోతాయి.

మన దగ్గర 1996 పెసా చట్టం ఉంది. భూమి తీసుకునే ముందు గ్రామసభనో, మండల పరిషత్తునో సంప్రదించాలని అది చెబుతోంది. సక్రమంగా జరగకపోయినా అడిగే హక్కు ఉంది. ఉప్పల్‌లో కిరాయికున్న మన పిల్లల ఓటు ఊర్లోనే ఉంటుంది, వార్డు మీటింగు సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఉపాధ్యాయ మిత్రులు ఈ పాఠం తొమ్మిదో తరగతిలోనే చెప్పొచ్చు. ఉప్పల్ మ్యాపు గీయించండి: బస్సు దిగే చోటు, పని చోటు, నిద్రపోయే గది, ఆసుపత్రి. మధ్యలో దీపం లేని సందులు ఎన్నో, పనికి వెళ్లొచ్చిన అక్కలను అడిగి గుర్తు పెట్టించండి. ఆ సందు ఎవరి కిందికి వస్తుందో సమాచార హక్కు దరఖాస్తు రాయించి కనుక్కోండి.