జంట వరుసల దగ్గర

నా ఫోన్లో 'చేయాల్సినవి' అని ఒక నోట్ ఉంది. అదంతా ఒకే మనిషి రాసుకుందంటే చదివినవాళ్లు నమ్మరు. వేణువు. జపనీస్. విజయనగరం కోట మీద షార్ట్ ఫిల్మ్. గండిపేట దాకా సైకిల్ మీద వెళ్లి రావడం. కుండీల్లో టమాటా, బచ్చలి (ఇది ముగ్గురం సర్దుకునే హాస్టల్ గదిలో కూర్చుని రాసుకున్నది). టెలిస్కోప్ ధర కనుక్కోవాలి. నవల. 'నవల' అన్న మాట తరవాత ఇంకేమీ లేదు. వీటన్నిటి మధ్యలో ఎక్కడో 'గ్రూప్-2 నోటిఫికేషన్ చూడాలి' అని ఉంది. అది నాన్న కోసం.

నా ఈడువాళ్లలో ఇలాంటి జాబితా లేనివాళ్లు నాకింకా తగల్లేదు. కొందరిది ఫోన్లో ఉంటుంది, కొందరిది డైరీలో, కొందరిది మంచం కింద. మా ఆఫీసులో ఒకబ్బాయి మంచం కింద కీబోర్డు, దానిమీద డంబెల్స్, పక్కన కెమెరా ట్రైపాడ్ ఉన్నాయి. మా గదిలో ఒకమ్మాయి అమెరికా చదువుకని జీఆర్ఈ రాసి మంచి స్కోరే తెచ్చుకుంది. ఆ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. ఆ అయిదేళ్లూ ఆమె "వచ్చే ఏడాది ఖాయం" అంటూనే గడిపింది. గడువు తీరిపోయిన సాయంత్రం మా అందరికీ బిర్యానీ తెప్పించి, "ఇప్పుడు హాయిగా ఉందే" అంది. నవ్వాం గానీ ఆ హాయి నిజమేనని అందరికీ తెలుసు.

ఇంట్లోవాళ్లు దీన్ని ఇంత సరదాగా తీసుకోరు. ఆంధ్రులు ఆరంభశూరులన్న నానుడిని మా ఇంట్లో నా ముద్దుపేరు చేసేశారు. "ఏటే, ఈ నెల శూరత్వం దేనిమీద?" అని అడుగుతుంది అమ్మ. నాకూ జవాబులు ఉన్నాయి. మన భాషలో ఆదికావ్యమే సగంలో ఆగింది కదమ్మా అంటాను. పదకొండో శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టిన భారతం అరణ్యపర్వం మధ్యలో నిలిచిపోయింది. తిక్కన పదమూడో శతాబ్దంలో విరాటపర్వంతో ఎత్తుకున్నారు. ఆ మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషం ఎర్రన చేతిలో పూర్తయ్యేసరికి పద్నాలుగో శతాబ్దం వచ్చింది. మా ఊరి గురజాడ అప్పారావుగారు 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' నాటకాలు రెండూ పూర్తికాకుండానే వెళ్లిపోయారు. పూర్తయి 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' కూడా ఆయన దృష్టిలో పూర్తి కాలేదు. తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. కొమర్రాజు లక్ష్మణరావుగారి 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం' మూడు సంపుటాల దాకా వచ్చి ఆగింది. 1923లో ఆయన పోయాక కాశీనాథుని నాగేశ్వరరావుగారు భుజానికెత్తుకున్నారు.

"వాళ్లు సగంలో వదిలిందీ నువ్వు సగంలో వదిలిందీ ఒకటేనేటి?" అంటుంది అమ్మ. కాదు, ఒప్పుకుంటాను. వాళ్లు పనిలో ఉండగా పని ఆగిపోయింది. మేం పనిలోకి దిగకముందే మానేస్తాం. ఎక్కడ మానేస్తామన్నది మాత్రం కాస్త గమనించి చూడాల్సిన సంగతే. అది నాకు వేణువు దగ్గర తెలిసింది.

నాంపల్లి ఎగ్జిబిషన్లో కొన్నానది. పొడుగాటి కర్రకి వేణువులు గుచ్చుకుని తిరిగే మనిషి ఒకాయన జనం మధ్యలో నిలబడి ఇళయరాజా పాట వాయిస్తున్నాడు. ఆ రద్దీలో, ఆ జెయింట్ వీల్ రొదలో, ఆ ఒక్క పాటే నాకు వినిపించింది. అదే వేణువు ఇమ్మని పట్టుబట్టి కొనుక్కున్నాను. గదికొచ్చి ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. ఎంత గట్టిగా ఊదితే అంత గాలి. కాసేపటికి కళ్లు తిరిగాయి. ఊదిన వాళ్లందరికీ మొదట్లో కళ్లు తిరుగుతాయని, పెదవికీ రంధ్రానికీ మధ్య కోణం కుదిరేదాకా బలం ఎందుకూ పనికిరాదని తరవాత నేను చేరిన వేణువు క్లాసు మాస్టారు చెప్పారు. ఆయన ఇంకోటి కూడా చెప్పారు. నేను కొన్నది ఆరు వేళ్ల రంధ్రాల వేణువు, హిందుస్తానీ వాళ్లది. మన కర్ణాటక సంగీతానికి ఎనిమిది ఉండాలి. కాబట్టి ఎగ్జిబిషన్ వేణువు ఇప్పుడు మేకుకి వేలాడుతోంది.

విజయనగరంలో పుట్టి, 1919 నుంచీ సంగీత కళాశాల ఉన్న ఊళ్లో పెరిగి, హైదరాబాద్ వచ్చి ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వేణువు నేర్చుకోవడమేమిటో నాకూ తెలీదు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులుగా పనిచేసిన కళాశాల అది. స్కూల్లో చదివేటప్పుడు ఆ పేర్లు మాకు జీకే ప్రశ్నలు, అంతే.

శబ్దం వచ్చాక సరళీ వరుసలు. మాయామాళవగౌళలో, ఆదితాళంలో, మూడు కాలాల్లో. సరళీ వరుసలు వాయించే రోజుల్లో మనిషికి కొత్త అల్లుడి మర్యాద జరుగుతుంది. వాట్సాప్ స్టేటస్ పెడితే హృదయాలు కురుస్తాయి. "నీలో ఈ కళ కూడా ఉందా" అంటారు. ఊరినుంచి పిన్ని ఫోన్ చేసి వినిపించమంటుంది. అమ్మ ఒక్కతే ఫోన్లో విని "కుక్కర్ ఎక్కించీసావేటి?" అంది.

తరవాత జంట వరుసలు వస్తాయి. ప్రతి స్వరాన్నీ రెండుసార్లు, రెండోది కాస్త నొక్కి, రెండూ అతుక్కోకుండా, మధ్యలో శ్వాస తెగకుండా పలికించాలి. చెప్పడానికి ఇంతే. ఇక్కడికొచ్చేసరికి ఎవరూ ఏమీ అడగరు. స్టేటస్ పెట్టేందుకు ఏమీ ఉండదు. పాట అసలే లేదు. గీతాలు ఇంకా దూరం, వర్ణం ఊహకే అందదు. క్లాసులో నాతోపాటు చేరినవాళ్లలో సగానికి సగం జంటల దగ్గరే మాయమయ్యారు. "పనెక్కువైంది మాస్టారూ" అని అందరూ ఒకే కారణం చెప్పారు. ఆయన ఎవరినీ ఏమీ అనరు. ఫీజు ముందే తీసుకుంటారు కాబట్టి అనరేమోనని నాకో అనుమానం.

ఈ దశలో ఒక విచిత్రం జరుగుతుంది. మొదట్లో మన వాయింపు మనకి బాగానే వినిపిస్తుంది, ఎందుకంటే అపస్వరాన్ని పట్టుకునే చెవి మనకింకా లేదు. కొన్ని నెలలు గడిచేసరికి చెవికి పదును వస్తుంది. వేళ్లకి అంత తొందరగా రాదు. చెవి ముందు నడుస్తూ ఉంటుంది, వేళ్లు వెనకపడతాయి. దాంతో రోజురోజుకీ మన వాయింపు పాడైపోతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి పాడవలేదు, వినడం వచ్చింది. "నాకిది రాదు" అనిపించే రోజు, సరిగ్గా రావడం మొదలైన రోజే. బొమ్మలేసేవాళ్లని అడిగాను, కథలు రాసేవాళ్లని అడిగాను, అందరిదీ ఇదే మాట. కన్ను ముందు, చెయ్యి వెనక. నా నవల పక్కన ఏమీ లేకపోవడానికి కారణం కూడా ఇదే అయ్యుంటుంది. మంచి నవలలు చదివిన కన్నుతో నా మొదటి పేజీ నేనే చదవలేకపోయాను.

మేం బద్ధకస్తులమని పెద్దలు చెప్పే తీర్పు అందుకే నాకు ఒప్పుదల కాదు. తెల్లవారుజామున లేచి క్యాబ్ ఎక్కి, రాత్రి అమెరికా వాళ్ల కాల్ అయ్యాక వేణువు తీసేవాళ్లని బద్ధకస్తులనకూడదు. చిక్కు ఇంకోచోట ఉంది. ఏది మొదలుపెట్టినా మొదటి వారంలోనే దానికొక గమ్యం తగిలించేస్తాం. వేణువు పట్టుకోగానే "చానెల్ పెట్టు" అంటారు స్నేహితులు. సైకిల్ కొంటే "ఎన్ని కిలోమీటర్లు?" అంటుంది యాప్. జపనీస్‌లో నాలుగు మాటలు రాకముందే అక్కడి ఉద్యోగాల జీతాలు చూసేశాను నేను.

మా గదిలో ఇంకో అమ్మాయి కథ చెబుతాను. ఆమెకి మగ్గం వర్క్ అంటే ఇష్టం. మంచానికి అడ్డంగా ఫ్రేము బిగించుకుని, జర్దోసీ, పూసలు పరుచుకుని, తన జాకెట్టు మీద ఒక నెమలి కుట్టుకుంది. నెలలు పట్టింది. ఆ నెలల్లో ఆమెకి తలనొప్పి రావడం నేను చూడలేదు. ఆ నెమలిని చూసి ఒక పెళ్లికూతురు అడిగింది, తరవాత ఆమె తోటికోడలు, తరవాత ఎవరెవరో. ఇప్పుడు మాఘమాసం వచ్చిందంటే ఆమెకి నిద్ర లేదు. డబ్బు వస్తోంది, ఇంటికి పంపుతోంది, తప్పేమీ లేదు, గౌరవమే. కానీ మొన్న స్కెచ్ పుస్తకం కొనుక్కొచ్చింది. "ఇదెందుకే?" అంటే, "మగ్గం ఇప్పుడు ఉద్యోగమైపోయింది కదా, నాకంటూ ఏదో ఒకటి ఉండాలి" అంది. ఆ స్కెచ్ పుస్తకం ఎవరికీ చూపించట్లేదు. తెలివైన పిల్ల.

నాన్న "దానివల్ల ఏమొస్తుంది?" అంటారు. స్నేహితులు "దీన్ని ఎలా వాడుకుందాం?" అంటారు. నాన్నది పాతకాలమనీ మాది కొత్తకాలమనీ అనుకుంటూ వచ్చాం గానీ, అడుగుతున్నది ఇద్దరూ ఒకటే. ఆ ప్రశ్నకి జంట వరుసల దగ్గర జవాబు ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

గిడుగు రామమూర్తిగారిని ఎవరైనా అడిగుంటే ఆయన మాత్రం ఏం చెప్పేవారు? 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్నారు. 1880లో, పదిహేడేళ్లకి, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారయ్యారు. ఇంటి బాధ్యతలున్న కుర్రాడు, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పెద్ద పరీక్షలు కట్టాలి. ఇంకెవరైనా అయితే ఆ పుస్తకాల్లో మునిగిపోయేవారు. ఈయన ముఖలింగం గుళ్లో శాసనాలు చదవాలని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. ఊళ్లోకి వచ్చే సవరల మాటలు చెవినపడితే, ఆ భాషా కావాలనిపించింది. తెలుగు వచ్చిన సవరని ఇంట్లో పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి లిపి లేని కొండభాష అది. దానికి పరీక్ష లేదు, ప్రమోషన్ లేదు. సవర పిల్లలకి వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్లనే వినికిడి పోయిందంటారు. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది, నిఘంటువు 1938లో. మొదలుపెట్టినప్పుడు మీసాలు కూడా సరిగ్గా వచ్చి ఉండవు. వ్యాకరణం వచ్చేసరికి అరవై ఎనిమిదేళ్లు. 1940లో కన్నుమూశారు. మనకి ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవంగా గుర్తు. ఆయన రోజువారీ బతుకులో సవర భాషకి ఎంత చోటుందో మనకి అంతగా గుర్తులేదు.

ఇది చెప్పింది "మీరూ గిడుగు అవుతారు" అని ఊరించడానికి కాదు. వ్యక్తిత్వ వికాసం ప్రసంగాల్లో గొప్పవాళ్లని ఇలా నిచ్చెనలా వాడుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వినికిడి పోవడం ఎవరికీ కావాల్సిన బహుమానం కాదు. నాకు ఆయన కథలో నచ్చేది ఒక్కటే. ఆయన ఉద్యోగం మానెయ్యలేదు. 'ఇష్టాన్నే వృత్తి చేసుకో' అని పోస్టర్ల మీద రాసే మాట ఆయన పాటించలేదు. స్కూల్లో పాఠాలు చెప్పి, జీతం తెచ్చుకుని, మిగిలిన వేళ సవర మాటలు పోగుచేశారు. ఆ మిగిలిన వేళకి లెక్క అడిగే యాప్ ఏదీ ఆయన దగ్గర లేదు.

నేను ఈమధ్య నా జాబితాని కత్తిరించాను. జపనీస్ తీసేశాను, ఎవరికీ చెప్పకుండా, బాధ లేకుండా. టెలిస్కోప్ కూడా తీసేశాను. అప్పుడప్పుడూ బిర్లా ప్లానెటోరియంకి వెళ్లి చూస్తే నాకు సరిపోతుందని తేలింది. సైకిల్ అద్దెకి దొరుకుతోంది, కొనక్కర్లేదు. షార్ట్ ఫిల్మ్ ఉంచాను, కానీ 'నేషనల్ అవార్డు' అని పక్కన రాసుకున్నది కొట్టేశాను. (రాశాను, నవ్వుకోండి.) గ్రూప్-2 ఉంచాను, నాన్నతో గొడవ నాకు అక్కర్లేదు. నవల జోలికి పోలేదు.

వేణువు సాగుతోంది. హాస్టల్ మిద్దె మీద, నీళ్ల ట్యాంకుల వెనక, ఆరేసిన బట్టల మధ్యలో, రాత్రి భోజనాలయ్యాక ఒక అరగంట. కొత్త పాఠం ఏదీ లేదు, అవే జంటలు. రెండో కాలంలో ఇప్పటికీ పైషడ్జం దగ్గర రెండు స్వరాలు అతుక్కుపోతాయి. ఎప్పుడో ఒకసారి విడివిడిగా పలుకుతాయి. ఆ పూట ఇంకోసారి వాయించకుండా కిందికి దిగిపోతాను.

చదువుతున్న పెద్దలకి ఒక మనవి. మీ ఇంట్లోనో, పక్కవాటాలోనో పాతికేళ్లు దాటిన మనిషి ఎవరైనా ఏదో ఒకటి వంకరటింకరగా వాయిస్తూనో, గీస్తూనో, కుడుతూనో కనిపిస్తే, చుట్టాలు వచ్చినప్పుడు పిలిచి ప్రదర్శన ఇప్పించకండి. 'ఎంతవరకు వచ్చింది?' అని అడక్కండి. రాత్రి తొమ్మిదిన్నర దాటినా ఆపకపోతే మాత్రం నిరభ్యంతరంగా తలుపు కొట్టండి.